ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో ‘స్టేట్ ఆఫ్ ఆరిజిన్’ ఎలా మొదలైంది?

క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య రగ్బీ లీగ్ పోటీ 1908 నుంచే ఉంది. చిక్కల్లా పాత నిబంధనతోనే: ఆటగాడు ఏ రాష్ట్రంలోని క్లబ్‌కు ఆడుతుంటే ఆ రాష్ట్రం తరఫునే దిగాలి. న్యూ సౌత్ వేల్స్‌లోని సిడ్నీ క్లబ్‌ల దగ్గర పోకర్ మెషీన్ల (జూదపు యంత్రాల) డబ్బు దండిగా ఉండేది. క్వీన్స్‌లాండ్‌లో కాస్త పేరొచ్చిన కుర్రాడినల్లా అవి ఎగరేసుకుపోయేవి. ఆ కుర్రాడే తర్వాత సొంత రాష్ట్రం మీద ఆడేవాడు. ఇక పోటీ ఏముంటుంది? సిరీస్ దాదాపు ఏటా న్యూ సౌత్ వేల్స్‌దే.

అందుకే 1980లో మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో మూడో మ్యాచ్‌కి నిబంధన మార్చి చూశారు. ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నా సరే, మొదట ఏ రాష్ట్రంలో సీనియర్ స్థాయిలో ఆడాడో ఆ జట్టుకే ఆడాలి. ‘స్టేట్ ఆఫ్ ఆరిజిన్’ (మొదలైన రాష్ట్రం) అంటే ఇదే. జులై 8న బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో ఆ మ్యాచ్ జరిగింది. సిడ్నీలో పారమాటా క్లబ్‌కు ఆడుతున్న 35 ఏళ్ల ఆర్థర్ బీట్సన్ క్వీన్స్‌లాండ్ కెప్టెన్. తన క్లబ్ సహచరుడు మిక్ క్రోనిన్‌ని ఆయన గుద్దాడన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు (కొంచెం మసాలా కలిసే ఉంటుంది లెండి). క్వీన్స్‌లాండ్ 20-10తో గెలిచింది.

1982 నుంచి మూడు మ్యాచ్‌లూ ఈ పద్ధతిలోనే. 2006 నుంచి 2013 దాకా క్వీన్స్‌లాండ్ వరసగా 8 సిరీస్‌లు కొట్టింది.