సర్వీస్ సెంటర్ మానేస్తానంటున్న మేనల్లుడికి

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అరగంట మాట్లాడావు, నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఫోన్లో నాకు మాట కుదురుగా రాదు. అందుకే ఈ ఉత్తరం. ఉద్యోగం మానేసి గాజువాకలో రిపేరు షాపు పెడతానంటున్నావు. పాడైన ఎలక్ట్రానిక్ బోర్డు పీకి కొత్తది బిగించడం తప్ప అక్కడ ఏమీ నేర్పరంటున్నావు. నిజమే, నేర్పరు. అయినా షాపు ఇప్పుడే వద్దురా. ఓ ఏడాది ఆగు.

ఆ ఏడాదీ జీతం వాళ్లిస్తారు, చదువు నువ్వు చదువుకో. తుక్కుకి పోయే బోర్డులు ఇమ్మని మీ మేనేజర్ని అడుగు. అడక్కుండా మాత్రం ఒక్కటీ తేకు. మన వృత్తిలో ఒకసారి మాట పడితే మళ్లీ ఏ ఇంటివాళ్లూ గుమ్మం ఎక్కనివ్వరు. తెచ్చిన బోర్డుని ముందు భూతద్దంతో చూడు, తర్వాత ముక్కుతో చూడు. కాలిన రెసిస్టర్ వాసన ఒకటి, ఉబ్బి కారిన కెపాసిటర్ వాసన ఇంకొకటి. నెల తిరిగేసరికి నీకే తేడా తెలుస్తుంది.

నేరుగా కరెంటు ఇవ్వకు. సీరీస్ లాంప్ కట్టుకో, అంటే కరెంటు ఒక బల్బు గుండా బోర్డులోకి పోవాలి. వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బోర్డులో షార్టుంటే బల్బు నిండుగా వెలిగిపోతుంది. లేకపోతే పెద్ద కెపాసిటర్ నిండే లోపల ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. అప్పుడు ఆ కెపాసిటర్ మీద మీటరు పెట్టు. మన 230 వోల్టుల ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చే బ్రిడ్జి దాటాక, దాదాపు 325 అవుతుంది. బల్బు అడ్డు ఉంది కాబట్టి కాస్త తగ్గొచ్చు. అది వచ్చిందంటే ముందు సగం బాగున్నట్టే, వెనక సగం వెతుక్కో. అసలేమీ లేకపోతే ఫ్యూజు, దాని పక్కన ఆన్ చేసినప్పటి కరెంటు పోటుని ఆపే ఎన్‌టీసీ, ఆ తర్వాత బ్రిడ్జి, ఆ వరసలో చూడు. ప్లగ్గు పీకినా ఆ కెపాసిటర్లో ఛార్జి ఉండిపోతుంది. బల్బో రెసిస్టరో ఆనించి దింపాలి. స్క్రూడ్రైవర్ పెట్టి చుర్రుమనిపించి చుట్టూ ఉన్నవాళ్ల ముందు గొప్పలు పోయిన రోజులు నాకూ ఉన్నాయి. దాని మచ్చ ఎడమ బొటనవేలి మీద ఇంకా ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

ఫ్యూజు ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వెయ్యకు. 1986లో ఒక మైక్‌సెట్ అతను ఆంప్లిఫయర్ తెచ్చాడు. ఫ్యూజు వేసినకొద్దీ పోతోంది. సాయంత్రం పెళ్లి ఉంది, తొందరగా ఇవ్వమన్నాడు. నేను తెలివిగా ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఇచ్చాను. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పందిట్లో పొగ! ట్రాన్స్‌ఫార్మర్ మాడి బొగ్గయింది. కొత్తగా చుట్టించి ఇవ్వడానికి నా నెలన్నర సంపాదన పోయింది. పెళ్లికూతురి తండ్రి తిట్టిన తిట్లు దానికి అదనం.

నా సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. పూర్ణా మార్కెట్ దగ్గర రేడియో షాపులో టీలు తెచ్చే కుర్రాడిగా మొదలుపెట్టాను, తర్వాత కంచరపాలెం ఐటీఐ. అప్పట్లో రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు. ట్రాన్సిస్టర్ బాగుచేసి 927 కిలోహెర్ట్‌జ్ దగ్గర మన విశాఖ స్టేషన్ పలికితే పని అయిపోయినట్టే. 1982లో ఏషియాడ్‌తో దేశంలోకి రంగుల టీవీ వచ్చింది. అది మన వీధుల్లోకి చేరేసరికి రేడియో షాపులు సగం మూతపడ్డాయి. నేను టీవీలోకి దూకాను. ఆ తర్వాత వీసీఆర్లు, వాటి వెనక కంప్యూటర్ మానిటర్లు. ప్రతి పదేళ్లకీ ఒక వస్తువు చచ్చిపోయింది, దాంతోపాటు దాన్నే నమ్ముకున్న మెకానిక్కూ వెళ్లిపోయాడు. నాతో ఐటీఐలో చదివిన ఇద్దరు పిక్చర్ ట్యూబుల దగ్గరే ఆగిపోయారు. పనిమంతులే, పాపం. అందుకే నీ షాపు బోర్డు మీద టీవీ, ఏసీ అని రాయించేముందు మన ఊళ్లో ఎవరూ ముట్టుకోని సామాన్లేమిటో తిరిగి చూడు.

నాకు ఆ తిరుగుడు ఫిషింగ్ హార్బర్లో కలిసొచ్చింది. ఒక బోటు డ్రైవరు వచ్చి, "ఏటి బాబూ, సముద్రంలో సేపే లేనట్టు సూపిస్తంది ఈ పెట్టె" అన్నాడు. చేపలు చూపించే ఎకో సౌండర్ అది. కిందికి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో లెక్కగడుతుంది. సముద్రపు నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి, పదో వంతు సెకనుకి వచ్చిందంటే లోతు 75 మీటర్లు. అంతవరకు నాకు తెలుసు. సెట్టు ఇంటికి తెచ్చి రాత్రంతా విప్పాను. శుభ్రంగా పనిచేస్తోంది! మర్నాడు బోటు మీద మళ్లీ గుడ్డిదైపోయింది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. సెట్టుకొచ్చే ప్లగ్గు పీకి కొలిస్తే అక్కడా 12.6. ఇంకేముంది, తల పట్టుకున్నాను. అప్పుడు పక్కన వల కుట్టుకుంటున్న ముసలాయన, "నడుస్తన్నప్పుడు సూడు బాబూ" అన్నాడు. ఇంజను గురించి అన్నాడో మరి దేని గురించో నాకిప్పటికీ తెలియదు. ప్లగ్గు పెట్టి, సెట్టు ఆన్ చేసి కొలిచాను. తొమ్మిదిన్నర! వైరు తోలు ఒలిస్తే లోపల రాగి పచ్చబడి పొడి రాలింది. ఆ ఉప్పు తిన్న వైరులో ఒక్క ఓమ్ రెసిస్టెన్స్ చేరింది, మూడు ఆంపియర్లు లాగేసరికి మూడు వోల్టులు అక్కడే దిగిపోయాయి. కరెంటు పారనప్పుడు ఆ వైరు ఎంత మంచిదో చెప్పలేం. అప్పట్నుంచి లోడు మీద పెట్టకుండా వోల్టేజి కొలిచి నమ్మింది లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి వాటి మరమ్మతులకి అదే అదను. ఇరవై ఏళ్లు ఆ నిషేధం రోజుల పనే మా ఇంటికి బియ్యం, పిల్లల ఫీజులు. ఈ వేసవికి సెలవు పెట్టి ఓ పది రోజులు నాతో రా.

ఉప్పుగాలి హార్బర్లోనే ఆగదు. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల నుంచి మీకొచ్చే ఏసీ బోర్డుల్లో చాలావాటికి తుప్పే జబ్బు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), పాత టూత్‌బ్రష్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, తెగిన ట్రాకుకి తీగ వేసి, మీద తేమ తగలకుండా కాపాడే కాన్ఫార్మల్ కోటింగ్ కొట్టు. కనెక్టర్ల మీద పడకుండా టేపు వెయ్యి, లేకపోతే పుణ్యానికి పోతే పాపం ఎదురవుతుంది.

రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనుక్కో. వస్తువు ఏ బాధతో వచ్చింది, ఎక్కడ ఎంత కొలిచావు, చివరికి ఏం దొరికింది, ఎంత తీసుకున్నావు. ఇలాంటివి నా దగ్గర పంతొమ్మిది ఉన్నాయి. డబ్బు లెక్క మాత్రం మీ అత్త చూసింది. బాగుచేశాక తీసుకెళ్లకుండా వదిలేసిన సామాను మా వరండాలో గోడ ఎత్తు పేరుకుంటే, "ముందు అడ్వాన్సు తీసుకో, లేకపోతే నువ్వే ఆ గోడవతల పడుకో" అంది. బంధువుల మిక్సీలకి కూలీ వద్దు, సామాను డబ్బు మాత్రం తీసుకో. మీ అమ్మ దగ్గర అది కూడా తీసుకోలేదనుకో, అది వేరే సంగతి.

నీకు పెళ్లయ్యాక పడగ్గదిలో బల్ల పెట్టకు. మనం వాడే 60/40 సోల్డర్లో నలభై పాళ్లు సీసం. చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకు, పిల్లల్ని ఎత్తకు. నేను చాలా ఏళ్లు కడుక్కోలేదు. మీ అత్త పోరగా పోరగా మారాను.

ఇక సరదా. రోజంతా సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాడు సాయంత్రం కూడా అదే పట్టుకుంటే పిచ్చివాడంటారు. అయినా ఇంట్లో సెట్టు పెట్టుకుని దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే హామ్ రేడియోయే నాకు సరదా. ఏడు మెగాహెర్ట్‌జ్‌కి డైపోల్ ఏరియల్ అంటే అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు తీగ. దాని మీద మీ అత్త బట్టలారేసేది, నేను గొడవపడేవాణ్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ తీగ పక్కింటి కొబ్బరిచెట్టుతోపాటు తెగిపడింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు ఇంట్లో ఉన్న వైరు ముక్కలు అతికి మళ్లీ కట్టి, కారు బ్యాటరీ మీద సెట్టు పెట్టాను. హైదరాబాదు హామ్ ఒకాయన దొరికాడు. రాజమండ్రిలో మీ అమ్మకి "మీ తమ్ముడు వాళ్లు క్షేమం" అని ఫోన్ చేసింది ఆయనే. అప్పటికి నువ్వు బడికెళ్లే పిల్లాడివి, గుర్తుందో లేదో. ఆ వారం నుంచి మీ అత్త బట్టలకి వేరే తాడు కట్టుకుంది.

ఆదివారం రా. తుక్కు బోర్డులు దొరికితే రెండు పట్టుకురా, లేకపోతే నా దగ్గరే ఉన్నాయి. వస్తూ దారిలో 60/40 సోల్డర్ పావుకిలో చుట్ట కొను, డబ్బులిస్తాను.

మీ మావయ్య