థండర్‌బర్డ్ 350నా, 500నా? తేడా 35 వేలతో ఆగదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రోజూ ఉద్యోగానికి నరసన్నపేట వెళ్లి వస్తాను. జీతం చేతికి 34 వేలు, బ్యాంకులో 1.70 లక్షలు ఉన్నాయి. నా భార్యకి ఇప్పుడు ఆరో నెల. క్రూయిజర్ బండి కొనుక్కోవాలని చాలా ఏళ్లుగా కోరిక. రెండు పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్‌లు చూశాను. ఒకటి 2019 జూన్‌లో కొన్న 350, ధర 95 వేలు. రెండోది 2017 నాటి 500, బరంపురం నుంచి వచ్చిన ఓడీ (ఒడిశా) నంబర్ బండి, 1.30 లక్షలు. 500 అయితే 50 వేలు ఫైనాన్స్ ఇప్పిస్తామంటున్నారు. 35 వేల తేడాకే అంత పెద్ద ఇంజిన్ వస్తుంటే వదులుకోవాలా?

జవాబు: వదులుకోండి. 350 తీసుకోండి, అదీ అప్పు లేకుండా.

500 మంచి బండి కాదని నేననను. దాని టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, 41 న్యూటన్ మీటర్లు, 350ది 28. అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ మీరు నెలలో 25 రోజులు తిరిగేది నరసన్నపేట హైవే మీద. రానూ పోనూ 44 కిలోమీటర్లు, నెలకు 1,100. 350 లీటరుకు 35, 500 లీటరుకు 27 ఇస్తాయనుకుందాం. లీటరు 110 రూపాయల లెక్కన 500కి నెలనెలా వెయ్యి రూపాయలు ఎక్కువ పోయాలి.

ఇక ఫైనాన్స్. ‘12 శాతమే’ అని చెబితే అది ఫ్లాట్ వడ్డీయా అని అడగండి. ఫ్లాట్ అయితే 50 వేలకు రెండేళ్ల పాటు నెలకు 2,583 కట్టాలి. మీరు వాయిదాలు కట్టేకొద్దీ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 50 వేల మీదే వేస్తారు కాబట్టి, నిజంగా పడే రేటు 21 శాతం దాటుతుంది. మన ఊరి భాషలో దాదాపు రెండు రూపాయల వడ్డీ. ఇంట్లో బిడ్డ పుట్టబోతుంటే బండి కోసం ఆ వడ్డీకి అప్పు చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇన్సూరెన్స్‌లోనూ సీసీ లెక్క ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ వరకు ఏడాదికి 1,366 రూపాయలు, 350 దాటితే 2,804. వీటి మీద 18 శాతం జీఎస్టీ అదనం. మీరు చూసిన 350లో ఉన్నది 346 సీసీయే కాబట్టి తక్కువ స్లాబులోనే పడుతుంది.

ఓడీ నంబర్ సంగతి ఇంకా ముఖ్యం. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఏడాదిలోపు ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. అమ్మేవారు చెప్పిన 1.30 లక్షల్లో ఇదేదీ ఉండదు. పైగా థండర్‌బర్డ్ 500 తయారీ 2020లోనే ఆపేశారు. దానిలో ఉండేది ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే సెన్సర్ల సాయంతో పెట్రోల్‌ను ఇంజిన్‌లోకి చిమ్మే పద్ధతి. 350కి కార్బురేటర్ కాబట్టి రోడ్డు పక్క మెకానిక్ కూడా విప్పి శుభ్రం చేసివ్వగలడు. సెన్సరో ఫ్యూయల్ పంపో పోతే ఆ పని అంత తేలిక కాదు.

ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. మీరు చూసిన 350 జూన్‌లో కొన్నది కాబట్టి దానికి ఉండాలి. ముందు చక్రం దగ్గర వంగి, డిస్క్ పక్కన చిల్లులున్న చిన్న రింగు ఉందో లేదో చూసుకోండి. వానలో లారీల వెనక వెళ్లే రోడ్డు మీది, ఇది మాత్రం రాజీపడకండి.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో తెలియాలి కాబట్టి మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. ట్యాంక్ మూత తీసి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపలి గోడలు చూడండి. మనది సముద్రపు గాలి, ఎండలో వానలో నిలబెట్టిన బండికి లోపల ఎర్రటి తుప్పు పట్టి ఉండొచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అవే టైర్లు ఇంకా ఉంటే కొత్తవాటి ఖర్చు ధరలో తగ్గించమనండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు కొత్త బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిందని కూడా గుర్తుచేయండి. కొత్త బండి ధర తగ్గాక పాతదానికి పాత ధర ఎలా చెబుతారు? 85 వేలకు బేరం మొదలుపెట్టండి.

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఫైనాన్స్ మిగిలి ఉందేమో చూడండి. ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, అప్పు తీరిందని చూపే ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. బండి మీ పేరు మీదకు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు అయిపోవాలి.

ఇంత చేశాక కూడా మీ ఖాతాలో 75 వేలకు తగ్గకుండా ఉంటుంది. దాన్ని కాన్పు అయ్యేదాకా కదపకండి. కట్టాల్సిన అవసరం తప్పిన ఆ 2,583 వాయిదాను నెలనెలా ఆర్డీలో (రికరింగ్ డిపాజిట్) వేయండి. ఈ మూడు నెలలూ మీ ఆవిడను ఆస్పత్రికి బండి మీద తీసుకెళ్లొద్దు, తెలిసిన ఆటో మాట్లాడుకోండి. 500లో పెట్రోల్‌కి ఎక్కువ పోయే ఆ వెయ్యి రూపాయలు దానికి సరిపోతాయి.