డరమ్ కెథీడ్రల్ క్వయర్, డిగ్రీ చదువు: మానేయాలా?

తమ్ముడూ, ఇంగ్లండ్‌లోని డరమ్‌లో డిగ్రీ చేస్తూ అక్కడి కెథీడ్రల్ (పెద్ద చర్చి) క్వయర్‌లో బాస్ (మగవాళ్ల అడుగు స్వరం) పాడుతున్నానని, ఈవెన్‌సాంగ్ (పాటలతో జరిగే సాయంత్రం ఆరాధన) వల్ల ఎస్సేలు వెనకబడుతున్నాయని, మానేయాలా అని అడిగావు. మానకు. నువ్వు రాసినదాన్నిబట్టి నీ సమయం తింటున్నది పాడటం కాదు, గదిలో రికార్డింగులు పెట్టుకుని పార్టు బట్టీపట్టడం. మన చర్చి క్వయర్లలో విని నేర్చుకున్నవాళ్లకి ఇదే తంటా, నాకూ మొదటి టర్మ్ అలాగే గడిచింది. అక్కడ రిహార్సల్ కాసేపే, స్వరలిపి చూడగానే పాడాలి. పొద్దున్నే 20 నిమిషాలు తెలియని హిమ్ (చర్చి పాట) తీసుకుని బాస్ లైను పియానో లేకుండా పాడు. స్వరం తప్పినా సరే, తాళం లెక్క మాత్రం వదలకు. సోల్ఫా వచ్చుగా, ఆ డో-రే-మీనే స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతలు) మీద చూడటం అలవాటు చేసుకో.

బైబిల్ కీర్తనలకి మాత్రం నిజంగా టైం కావాలి. చాంట్ (కీర్తన పాడే బాణీ) చిన్నదే, మాటల్ని దానికి సర్దడమే కష్టం. ఇంగ్లండ్ చర్చి ఆరాధన పుస్తకం ప్రేయర్ బుక్ 150 కీర్తనల్నీ 30 రోజులకి పంచింది. మీ దగ్గర ఆ వరసే అయితే 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన, 70కి పైగా వచనాలు! మర్నాడు ఎస్సే గడువు పడితే ముందే చూసుకో.

అన్నట్టు, స్టూడెంట్ వీసా అయితే బయట పెళ్లిళ్లలో పాడి డబ్బు తీసుకోకు. ఉద్యోగిగా కాకుండా సొంతంగా పని చేసి సంపాదించడానికి ఆ వీసా ఒప్పుకోదు. యూనివర్సిటీ వీసా ఆఫీసులో అడుగు.