27 పాయింట్లకు ఏ స్థానం వస్తుంది?

ఫుట్‌బాల్ సీజన్ సగానికొచ్చింది కనుక ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి: మా జట్టు చివరికి ఎక్కడ తేలుతుంది? బెంగళూరు, చెన్నై పాఠకులు పంపినవాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: ఇండియన్ సూపర్ లీగ్‌లో చెన్నైయిన్ ఎఫ్‌సీ 2022-23, 2023-24, 2024-25 సీజన్లలో వరసగా 27 పాయింట్లే తెచ్చుకుంది. అయితే మొదటిసారి ఎనిమిదో స్థానం, తర్వాత ఆరో స్థానం, ఆ తర్వాత పదకొండో స్థానం. ఇలాంటప్పుడు సీజన్ మధ్యలో "ఇన్ని పాయింట్లొస్తే మొదటి ఆరులో ఉంటాం" అని చెప్పడం ఎలా? ఇక్కడ కొందరు 30 చాలంటారు, కొందరు 36 కావాలంటారు. – పెరంబూర్, చెన్నై

జవాబు: ఇద్దరి మాటా నిజమే, కాకపోతే వేర్వేరు సీజన్లకు. 2022-23లో 11 జట్లు, ఒక్కో జట్టుకు 20 మ్యాచులు. మరుసటి ఏడు 12 జట్లు, 22 మ్యాచులు. 2024-25లో 13 జట్లు, 24 మ్యాచులు. అంటే అదే 27కి మ్యాచ్ సగటు 1.35 నుంచి 1.23కి, అక్కడి నుంచి 1.13కి దిగింది. పాయింట్లు మారలేదు గానీ జట్టు ఏటేటా కాస్త వెనకబడుతూ వచ్చింది. మధ్యలో ఆరో స్థానం దక్కిందంటే ఆ ఏడు మిగతావాళ్లు అంతకంటే వెనకబడ్డారు కాబట్టి.

అందుకే మొత్తం పాయింట్లు పక్కన పెట్టి మ్యాచ్ సగటు చూడండి. ఈ సీజన్లలో మొదటి ఆరు జట్లే ప్లేఆఫ్‌కి, అంటే విజేతను తేల్చే చివరి మ్యాచులకు వెళ్లాయి కనుక ఆరో స్థానమే మన గీత. ఆరో స్థానంలో నిలిచిన జట్టుకు 2022-23లో 20 మ్యాచుల్లో 30, 2024-25లో 24 మ్యాచుల్లో 36 వచ్చాయి. రెండుసార్లూ సగటు సరిగ్గా 1.5. మధ్యలోని 2023-24 మాత్రం వింత సీజన్. మోహన్ బగాన్ 48, ముంబయి సిటీ 47, గోవా 45 పాయింట్లు ఎగరేసుకుపోయాయి. కింద ఆరో స్థానం నుంచి పదకొండో స్థానం దాకా ఆరు జట్లు 27కీ 21కీ మధ్య ఇరుక్కున్నాయి. పదో స్థానంలో ఉన్న బెంగళూరుకు 22. ఆరో స్థానానికి అయిదు పాయింట్లే దూరం! పైవాళ్లు అందరి దగ్గరా గెలిచి, మధ్యవాళ్లు ఒకరి మీద ఒకరు గెలుస్తూ ఓడుతూ ఉంటే గీత కిందికి దిగుతుంది. డ్రాలు పెరిగినా దిగుతుంది, ఎందుకంటే ఎవరో ఒకరు గెలిచిన మ్యాచ్‌లో పట్టికకు మూడు పాయింట్లు చేరతాయి, డ్రా అయితే రెండే.

కాబట్టి లక్ష్యం 1.5 సగటు అని పెట్టుకోండి. నాలుగైదు రౌండ్లకోసారి ఆరు, ఏడు, ఎనిమిదో స్థానాల జట్ల సగటు కూడా వేసి చూడండి. ముగ్గురూ 1.3 కంటే కిందే ఉంటే ఈ ఏడు గీత తక్కువలోనే పడేలా ఉందని అర్థం. పట్టికలో ఒకరు పదకొండు మ్యాచులు, ఇంకొకరు పదమూడు ఆడి ఉన్నప్పుడు సగటు చూడకుండా స్థానం గురించి వాదించడం వృథా.

ప్రశ్న: మా పీజీలో ఇద్దరు బెంగళూరు ఎఫ్‌సీ అభిమానులం. సగం సీజన్ పాయింట్లను రెండింతలు చేస్తే చాలని నేనంటాను. చివరి అయిదు మ్యాచుల ఫామ్ చూడాలని మావాడు. ఎవరిది సరైన పద్ధతి? – మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఏదీ సరిపోదు. ముందు మీ జట్టు చరిత్రే చూడండి. 2022-23లో బెంగళూరు మొదటి 12 మ్యాచుల్లో 10 పాయింట్లే తెచ్చుకుంది. ఆ సగటుతో లెక్కిస్తే 20 మ్యాచులకు 17 రావాలి. కానీ మిగిలిన ఎనిమిదీ గెలిచి 34తో నాలుగో స్థానంలో నిలిచి, ఫైనల్ దాకా వెళ్లింది. రెండింతల లెక్కకు అది అందలేదు. చివరి అయిదు మ్యాచుల ఫామ్ చూసేవాళ్లకైనా ఆ పరుగు మొదలయ్యాకే తెలిసింది, ముందు కాదు.

కాగితం మీద చేయదగ్గ పద్ధతి ఒకటి చెబుతాను. 24 మ్యాచుల లీగ్‌లో ఒక జట్టు 12 ఆడి 17 పాయింట్లు తెచ్చుకుందనుకోండి. రెండింతలు చేస్తే 34. ఇప్పుడు ఆ 17ని విడదీయండి. సొంత మైదానంలో 5 ఆడి 11, బయట 7 ఆడి 6 వచ్చాయనుకుందాం. అంటే ఇంట్లో సగటు 2.2, బయట 0.86. ఇంకా ఇంట్లో 7, బయట 5 మిగిలాయి. ఇదే సగటు సాగితే ఇంట్లో 15.4, బయట 4.3 వస్తాయి. మొత్తం దాదాపు 37. చూశారా, మ్యాచులు ఎక్కడ ఆడాలన్నది చూడగానే మూడు పాయింట్లు తేడా వచ్చింది.

ఇక్కడితో ఆగకండి. అయిదు మ్యాచుల సగటును పూర్తిగా నమ్మకూడదు, అందులో అదృష్టం పాలు చాలా ఉంటుంది. ఏ లీగ్‌లోనైనా మామూలు జట్టుకు ఇంట్లో 1.5 పైచిలుకు, బయట 1.2 చుట్టుపక్కల వస్తుందని అనుకోవచ్చు. మీ జట్టు సగటును దానివైపు సగం దూరం లాగండి. ఇంట్లో 1.9, బయట 1.03 అవుతుంది. అప్పుడు మిగిలిన 12 మ్యాచుల నుంచి 18 చిల్లర, మొత్తం 35.

తర్వాత ప్రత్యర్థులను చూడండి. మిగిలినవాటిలో మొదటి మూడు జట్లతో ఎన్ని, చివరి మూడింటితో ఎన్ని? మొదటి సగంలో తేలిక మ్యాచులన్నీ అయిపోయి ఉంటే ఒకటి రెండు పాయింట్లు కోయండి, కష్టమైనవి అయిపోయి ఉంటే కలపండి. అంతకు మించి కదపకండి. అభిమానం లెక్కలోకి దూరేది సరిగ్గా ఇక్కడే.

చివరగా, ఒక్క అంకె చెప్పకండి, పరిధి చెప్పండి. ఒక్కో మ్యాచ్‌లో 0, 1, 3 – ఏదైనా రావచ్చు కాబట్టి ఫలితం సగటుకు అటూ ఇటూ దాదాపు 1.3 పాయింట్లు ఊగుతుంది. 12 మ్యాచులకు దాన్ని 12 వర్గమూలంతో, అంటే దాదాపు 3.5తో గుణించాలి. నాలుగున్నర వస్తుంది. 35కి అటూ ఇటూ నాలుగున్నర అంటే 31 నుంచి 39 దాకా. మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఫలితం ఈ మధ్యలోనే పడుతుంది. 2024-25 పట్టిక మీద పెట్టి చూస్తే ఇది మూడో స్థానం నుంచి ఎనిమిదో స్థానం దాకా వస్తుంది. వెడల్పుగా ఉందని నిరాశపడొద్దు. సీజన్ మధ్యలో నిజాయితీగా చెప్పగలిగేది అంతే. "నాలుగో స్థానం ఖాయం" అనేవాళ్ల దగ్గర ఇంతకంటే సమాచారమేమీ ఉండదు.

ఫామ్ సంగతి: అయిదు మ్యాచుల ఫామ్‌కు విలువ లేదని కాదు. ఆ అయిదింట్లో జట్టులో నిజంగా ఏదైనా మారిందా అని అడగండి. గాయం నుంచి సెంటర్ బ్యాక్ (రక్షణ మధ్యలో ఆడేవాడు) తిరిగొచ్చాడా, కొత్త విదేశీ స్ట్రైకర్ చేరాడా, వ్యూహం మారిందా? మన లీగ్‌లో ఒకేసారి మైదానంలో ఉండగల విదేశీ ఆటగాళ్లు నలుగురే కాబట్టి వాళ్లలో ఒక్కరు రెండు నెలలు లేకపోయినా పట్టికలో కనిపిస్తుంది. కారణం దొరికితే ఫామ్‌ను లెక్కలోకి తీసుకోండి, దొరక్కపోతే పన్నెండు మ్యాచుల సగటునే నమ్మండి.

ప్రశ్న: పాయింట్లు సమానమైతే గోల్ తేడా చూస్తారు కదా? అలాంటప్పుడు బలహీన జట్ల మీద గోల్స్ గుమ్మరించిన జట్టుకు లాభమేగా? – ఆవడి, చెన్నై

జవాబు: ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అవును. 2011-12లో మాంచెస్టర్‌లోని రెండు జట్లూ 89 దగ్గర ఆగితే, గోల్ తేడా +64 ఉన్న సిటీకి టైటిల్ దక్కింది, +56 ఉన్న యునైటెడ్‌కు దక్కలేదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ముందు చూసింది ఆ రెండు జట్ల మధ్య ముఖాముఖి ఫలితాలను. 2018-19లో బెంగళూరు, గోవా రెండూ 34 దగ్గర ముగించాయి. గోల్ తేడాలో గోవాయే మెరుగు. అయినా గోవాను రెండుసార్లూ ఓడించిన బెంగళూరు అగ్రస్థానంలో నిలిచింది. 2020-21లోనూ ముంబయి సిటీ, ఏటీకే మోహన్ బగాన్ రెండింటికీ 40. రెండు మ్యాచులూ గెలిచిన ముంబయికే షీల్డ్, అంటే పట్టికలో అగ్రస్థానానికి ఇచ్చే బహుమతి. 2024-25లో బెంగళూరు, నార్త్ ఈస్ట్, జంషెడ్‌పూర్ మూడూ 38 దగ్గర ఆగాయి. ఇలా మూడు జట్లు సమానమైతే ఆ మూడింటి మధ్య జరిగిన మ్యాచులతోనే చిన్న పట్టిక వేసుకోవాలి.

సీజన్ మధ్యలో దీనివల్ల ఒక పని పడుతుంది. మీ జట్టుకు పైనా కిందా నాలుగు పాయింట్ల లోపు ఉన్న ప్రతి జట్టు పక్కనా ముఖాముఖి ఎవరిదో రాసుకోండి. మొదటి మ్యాచ్ గెలిచి రెండోది మిగిలి ఉంటే, ఆ రెండోది డ్రా అయినా మీకు లాభమే.

ప్రశ్న: ఆర్సెనల్ అభిమానిని. 2022-23లో సగం సీజన్‌కి 50 పాయింట్లతో మేమే ముందున్నాం. చివరికి మాంచెస్టర్ సిటీ 89, మేము 84. సగంలో చూసినప్పుడు ఇది ముందే తెలిసే వీలుండిందా? – హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బెంగళూరు

జవాబు: పూర్తిగా కాదు గానీ, రెండు హెచ్చరికలు అప్పటికే కళ్లెదుట ఉన్నాయి. మొదటిది మ్యాచుల జాబితా. అక్టోబరులో జరగాల్సిన సిటీ మ్యాచ్ వాయిదా పడడంతో 19 మ్యాచులు పూర్తయ్యేసరికి సిటీతో ఆడాల్సిన రెండూ మిగిలే ఉన్నాయి. ఫిబ్రవరిలో 3-1తో, ఏప్రిల్‌లో 4-1తో రెండూ పోయాయి. పోటీదారుతో నేరుగా ఆడే మ్యాచ్ విలువ రెండింతలు: మీకు రాని మూడు పాయింట్లు వాళ్ల ఖాతాలో పడతాయి. రెండోది, 19 మ్యాచుల్లో 50 అంటే ఏడాదికి వంద పాయింట్ల వేగం. అంత ఎత్తున ఉన్న సగటు కిందికి రావడమే సహజం. 2024-25లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథా అదే: 19 మ్యాచుల్లో 37, చివరికి 65తో ఏడో స్థానం.

ముందుగా తెలియనిది ఆర్సెనల్ డిఫెండర్ సలిబా గాయం. మార్చిలో యూరోపా లీగ్ మ్యాచ్‌లో దెబ్బ తగిలి ఆ సీజన్‌కి మళ్లీ దిగలేదు. ఏప్రిల్‌లో లివర్‌పూల్, వెస్ట్‌హామ్, సౌతాంప్టన్‌తో వరసగా మూడు డ్రాలు. అందుకే సగం సీజన్‌లో మీ జట్టు స్థానం అంచనా వేసేటప్పుడు ఒక ప్రశ్న తప్పక వేసుకోండి: ఏ ఒక్క ఆటగాడు లేకపోతే బదులు దిగేవాడు లేడు? ప్రీమియర్ లీగ్‌లో పసుపు కార్డులనూ గమనించండి. మొదటి 19 మ్యాచుల లోపు అయిదు పడితే ఒక మ్యాచ్ నిషేధం. ఆ గడువు దాటితే తర్వాతి గీత పది కార్డులు, 32వ మ్యాచ్ దాకా. నాలుగు కార్డులతో పంతొమ్మిదో మ్యాచ్ దాటిన మిడ్‌ఫీల్డర్ ఉంటే మీకు ఊపిరి తీసుకునే వీలు దొరికినట్టే.

ప్రశ్న: కోచ్‌ను మారిస్తే రెండో సగం బాగుపడుతుందని లెక్కలో కలపవచ్చా? – వేళచేరి, చెన్నై

జవాబు: కలపకండి. మీ చెన్నైయిన్‌లోనే 2019-20లో ఓవెన్ కోయిల్ డిసెంబరులో వచ్చాక జట్టు నాలుగో స్థానానికి ఎగబాకి ఫైనల్ ఆడింది, నిజమే. కానీ పైన చెప్పిన బెంగళూరు 2022-23 పరుగు కోచ్‌ను మార్చకుండానే వచ్చింది. సైమన్ గ్రేసనే కొనసాగారు. మరుసటి సీజన్లో డిసెంబరులో ఆయన్ని మార్చారు, జట్టు పదో స్థానంలో ముగిసింది. కోచ్‌లను తీసేసేది ఫలితాలు అడుగంటినప్పుడు. అక్కడి నుంచి కాస్త పైకి రావడం ఎవరున్నా జరిగేదే, ఆ ఖ్యాతి కొత్తవారికి దక్కుతుంది.

ప్రశ్న: ఎక్స్‌జీ అంకెలు మాలాంటివాళ్లకు ఉపయోగమా? – వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: ఒక్క పనికి చాలా ఉపయోగం. ఎక్స్‌జీ అంటే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్: ప్రతి షాట్‌కూ అది గోల్ అయ్యే అవకాశాన్ని అంకెగా వేసి, అన్నీ కలుపుతారు. పెనాల్టీకి దాదాపు 0.78, పెనాల్టీ పెట్టె బయటి నుంచి కొట్టే చాలా షాట్లకు 0.05 లోపు. మీ జట్టు 12 మ్యాచుల్లో 20 గోల్స్ కొట్టి ఎక్స్‌జీ 14 మాత్రమే ఉంటే, రెండో సగంలో గోల్స్ తగ్గుతాయని అనుకోండి. 14 కొట్టి ఎక్స్‌జీ 20 ఉంటే ఓపిక పట్టండి. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీ పట్టుకుని "మేమే గెలవాల్సింది" అనడానికి మాత్రం వాడకండి. రెండు గోల్స్ ముందున్న జట్టు వెనక్కి తగ్గి ఆడుతుంది కనుక ఎదుటివారి అంకె ఉబ్బుతుంది.

ప్రశ్న: మొదటి ఆరు జట్లూ ప్లేఆఫ్‌కి వెళ్లేటప్పుడు మూడుకీ ఆరుకీ తేడా ఏముంది? – కోరమంగళ, బెంగళూరు

జవాబు: చాలా ఉంది. 2022-23 నుంచి 2024-25 దాకా అమలైన పద్ధతిలో మొదటి ఇద్దరూ నేరుగా సెమీఫైనల్‌కు వెళ్లేవారు. మూడో జట్టు ఆరోదానితో, నాలుగోది అయిదోదానితో ఒక్క మ్యాచ్ ఆడాల్సి వచ్చేది, అదీ పై జట్టు మైదానంలో. 2023 మార్చి 3న సొంత మైదానం కంఠీరవలో బెంగళూరు కేరళతో ఆడగలిగింది నాలుగో స్థానంలో ఉన్నందుకే. 2025 మార్చిలో ముంబయిని 5-0తో చిత్తు చేసిందీ కంఠీరవలోనే, మూడో స్థానం వల్ల. 2023-24లో ఆరో స్థానంలో ఉన్న చెన్నైయిన్ గోవా వెళ్లి 2-1తో ఓడింది. ఇంట్లో ఆడితే గెలుపు రాసిపెట్టి ఉంటుందనీ కాదు: 2024-25లో నాలుగో స్థానపు నార్త్ ఈస్ట్ సొంతగడ్డపైనే జంషెడ్‌పూర్‌కు తలవంచింది.

ఆ పద్ధతిలో సెమీఫైనల్ రెండు మ్యాచులది. పై స్థానం జట్టు రెండో మ్యాచ్‌ను ఇంట్లో ఆడేది. 2025లో బెంగళూరు మొదటి మ్యాచ్ కంఠీరవలో, రెండోది గోవాలో ఆడింది. సెలవులు, టికెట్లు చూసుకునేవారు చివరి రెండు రౌండ్లకు ముందు మూడు, నాలుగు స్థానాలకు ఒక పథకం, అయిదు, ఆరు స్థానాలకు మరో పథకం రాసి పెట్టుకోండి. వాటికి ముందు ఆ సీజన్ నిబంధనలు ఒకసారి చదవండి. మ్యాచుల సంఖ్య తరచూ మారుతూ వచ్చిన లీగ్ ఇది, ప్లేఆఫ్ పద్ధతి కూడా మారవచ్చు.