చదువు రానివాళ్లకు కూడా దారి చూపే బొమ్మలు గీసిన ఆర్టిస్టుల్లో మీకు నచ్చినవారు ఎవరు? ఎందుకు?

ఓట్ల్ ఐషర్. ఆసుపత్రులకు సూచిక బోర్డులు చేయడం నా పని, అందుకే ఈ జర్మన్ పేరు తరచూ తలుచుకుంటాను.

ఆయన 1922లో ఉల్మ్‌లో పుట్టారు. హిట్లర్ యువజన దళంలో చేరనన్నందుకు స్కూలు చివరి పరీక్ష రాయనివ్వలేదు. ఆయన స్నేహితుడు వెర్నర్ షోల్. వెర్నర్ అన్న హాన్స్‌నీ, అక్క సోఫీనీ నాజీలు 1943లో చంపేశారు. నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచడమే వాళ్లు చేసిన నేరం. 1945లో ఐషర్ సైన్యం నుంచి పారిపోయి ఆ కుటుంబం దగ్గరే తలదాచుకున్నారు. తర్వాత వాళ్ల పెద్దక్క ఇంగెను పెళ్లాడారు.

భార్యాభర్తలిద్దరూ స్విస్ డిజైనర్ మాక్స్ బిల్‌తో కలిసి 1953లో ఉల్మ్‌లో డిజైన్ కాలేజీ పెట్టారు. ఐషర్ అక్కడ పాఠాలూ చెప్పారు. 1968లో అది మూతపడింది. కానీ అక్కడ చదివిన సుధాకర్ నాడ్కర్ణి మన బాంబే ఐఐటీలో డిజైన్ సెంటర్‌ను నిలబెట్టారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం 1972 మ్యూనిక్ ఒలింపిక్స్. 1936లో బెర్లిన్ ఆటల్ని హిట్లర్ తన ప్రచారానికి వాడుకున్నాడు. ఆ జ్ఞాపకం మళ్లీ లేవకూడదని ఐషర్ నాజీ జెండా రంగైన ఎరుపును పూర్తిగా వదిలేశారు. లేత నీలం, ఆకుపచ్చ, నారింజ రంగులతో ఊరంతా నింపారు. ఒక్కో ఆటకూ ఒక్కో బొమ్మ చేయించారు. 1964లో టోక్యోవాళ్లు ఇలాంటివి చేశారు గానీ, ఐషర్ వాటికి గట్టి కట్టుబాటు పెట్టారు: నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు, అంతే. ముగ్గుకు ముందు చుక్కలు పెట్టుకున్నట్టు ముందుగా గళ్లు, ఆ తర్వాతే మనిషి.

మా ప్రాంతంలో ఒక ఆసుపత్రికి ఈ పద్ధతే పట్టుకున్నాను. రక్తపరీక్ష, ఎక్స్‌రే, మందుల షాపు, కాన్పుల వార్డు, అన్నిటికీ అవే గళ్లు, అదే మందం. ఓపీ చీటీ మీద కూడా అదే బొమ్మ అచ్చువేయించాం. ఒక పెద్దావిడ తన చీటీని తలుపు మీది బొమ్మతో సరిచూసుకుని, ఎవర్నీ అడక్కుండా లోపలికి వెళ్లడం చూశాను. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు మ్యూనిక్ బొమ్మలిచ్చి, గళ్ల కాగితం మీద చేత్తో మళ్లీ గీయమంటాను. మోకాలు ఎక్కడ వంచాలో, ఏ గీత తీసేసినా బొమ్మ నిలబడుతుందో అప్పుడే తెలుస్తుంది. కంప్యూటర్ ఆ తర్వాత.