పక్కింటి కోకీతో సీసా

ప్రశ్న: డిసెంబరు మొదట్లో మా పక్కింటి ప్యూర్టో రికో ఆవిడ ఇంట్లో చేసిన ‘కోకీతో’ ఒక సీసా ఇచ్చారు. కోకీతో అంటే కొబ్బరిపాలు, రమ్ముతో చేసే వాళ్ల క్రిస్మస్ పానీయం. ఖాళీ సీసా తిరిగివ్వడం ఇష్టంలేక, నేనే చేసి నింపుదామనుకున్నాను. కొబ్బరి డబ్బాలు, పాలు, రమ్ము మిక్సీలో వేసి తిప్పాను. మర్నాటికి ఫ్రిజ్‌లో పైన మైనంలా గట్టి పొర కట్టింది, కింద ఉన్నదేమో చప్పగా ఉంది. తప్పెక్కడ జరిగింది? మా అత్తయ్యగారు గుడ్డు తినరు, మందు ముట్టరు. ఆవిడకీ పిల్లలకీ విడిగా చేయొచ్చా?
— ఒక పాఠకురాలు, ఓర్లాండో

జవాబు: ఖాళీ సీసా ఇవ్వకూడదనుకున్నారు చూడండి, అక్కడే నాకు మీరు నచ్చేశారు. మేము కిసిమీలో ఉన్న తొమ్మిదేళ్లూ మా పక్కింట్లో ప్యూర్టో రికోలోని పోన్సే ఊరి పెద్దావిడ ఒకరుండేవారు. థాంక్స్‌గివింగ్ వెళ్లిందంటే చాలు, వాళ్ల వంటింట్లో దాల్చినచెక్క మరిగే వాసన మా ఇంటిదాకా వచ్చేది. కోకీతో నేను ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నదే.

మీరు డబ్బా మారి కొన్నారని నా నమ్మకం. కోకోనట్ క్రీమ్ వేరు, క్రీమ్ ఆఫ్ కోకోనట్ వేరు. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది చక్కెర లేని చిక్కటి కొబ్బరి మీగడ, అందులో కొవ్వు బాగా ఎక్కువ. రెండోది పాకంలా తియ్యగా ఉంటుంది. కోకీతోలో పడాల్సింది ఇదే. ప్యూర్టో రికో విశ్వవిద్యాలయంలో పనిచేసిన రమోన్ లోపెస్ ఇరిసారి తయారుచేసిన ‘కోకో లోపెస్’ ఈ రకమే. మీగడ డబ్బా పడితే తీపి తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది. చలికాలంలో మన ఇళ్లలో కొబ్బరినూనె గడ్డకడితే సీసా ఎండలో పెట్టేవాళ్లం కదా! 24 డిగ్రీలకు కాస్త దిగితేనే గడ్డకట్టే కొవ్వు ఫ్రిజ్‌లో ఊరుకుంటుందా?

చేసింది పారబోయకండి. గంటసేపు బయట పెట్టి, పొర మెత్తబడ్డాక కండెన్స్‌డ్ మిల్క్ రుచి చూసుకుంటూ కలిపి మళ్లీ మిక్సీ పట్టండి. రమ్ము కలిసిందాన్ని మాత్రం పొయ్యి మీద పెట్టొద్దు, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఈసారి చేసేటప్పుడు ముందు మసాలా నీళ్లు కాచుకోండి. కప్పు నీళ్లలో రెండు దాల్చినచెక్కలు, మూడు లవంగాలు, చిన్న అల్లం ముక్క వేసి, నీళ్లు సగమయ్యేదాకా మరిగించి వడగట్టి చల్లార్చాలి. పొడులు చల్లితే అడుగున ఇసుకలా మిగులుతాయి. తర్వాత క్రీమ్ ఆఫ్ కోకోనట్, కొబ్బరిపాలు, కండెన్స్‌డ్ మిల్క్, ఎవాపరేటెడ్ మిల్క్ (చక్కెర లేని చిక్కటి పాలు) ఒక్కో డబ్బా, చెంచా వెనిల్లా, చిటికెడు జాజికాయ పొడి, ఆ మసాలా నీళ్లు కలిపి మిక్సీ పట్టండి. ఇంట్లో తురిమి పిండిన కొబ్బరిపాలైతే రుచి ఇంకా బాగుంటుంది గానీ త్వరగా పాడవుతుంది, మూడు రోజుల్లో తాగేయాలి.

ఇక్కడ ఆగి, అత్తయ్యగారికీ పిల్లలకీ కావలసింది తీసి వేరే సీసాలో పోయండి. మిగిలినదాంట్లో ఒకటిన్నర కప్పు తెల్ల రమ్ము కలపండి. మీరు ఎక్కువ తీసేస్తే రమ్ము కూడా ఆమేరకు తగ్గించాలి. రమ్ము సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఈ జాగ్రత్త దయచేసి మర్చిపోవద్దు. చూడ్డానికి రెండూ పాలలాగే ఉంటాయి, ఆ తీపిలో రమ్ము ఘాటు తెలియదు. పిల్లలు పొరపాటున తాగేస్తారు.

గుడ్డు గురించి దిగులు అక్కర్లేదు. కొందరు పచ్చసొన వేస్తారు, మా పోన్సే ఆవిడ వేసేవారు కాదు. కొనే డబ్బాల మీద ఏమేం పడ్డాయో మాత్రం ఒకసారి చదువుకోండి.

సరైన డబ్బాతో చేసినా పల్చటి పొర కడుతుంది. పావుగంట ముందు బయటకు తీసి, సీసాని గట్టిగా ఊపి, చిన్న గ్లాసుల్లో పోయండి.

జనవరి 6న వాళ్లకు ముగ్గురు రాజుల పండుగ, ఆలోపు సీసా అందించండి. వాళ్ల పండుగ భోజనంలో గండూలెస్ వేసి వండిన అన్నం ఉంటుంది. గండూలెస్ అంటే మన కందులే, పేరు కూడా దగ్గరగా వినిపిస్తుంది! అందుకే నేనొక ఏడాది సీసాతో పాటు డబ్బాడు కందిపొడి కూడా పట్టుకెళ్లాను. ఆ డబ్బా కూడా నాకు ఖాళీగా తిరిగి రాలేదు.