వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. పరిస్థితి విషమిస్తే తనను వెంటిలేటర్ మీద పెట్టవద్దని ఇప్పుడే కాగితం రాసిస్తానంటున్నారు. అది చెల్లుతుందా? దాని ప్రకారం వైద్యం ఆపితే మేమే ఆయన ప్రాణం తీసినట్టు కాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చెల్లుతుందమ్మా. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చి, ఇలాంటి పత్రాలకు, అంటే లివింగ్ విల్‌కు, చట్టబలం కల్పించింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సడలించింది కాబట్టి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున నిర్ణయం చెప్పవలసిన ఆప్తుల పేర్లు అందులో తప్పక ఉండాలి.

ఇక మీ మనసును తొలుస్తున్న రెండో ప్రశ్న. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేటికీ నేరమే. కండరాల క్షీణతతో బాధపడుతున్న హైదరాబాద్ చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ అవయవదానం కోసం కారుణ్య మరణాన్ని కోరితే, 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంగీకరించలేదు. కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలను తొలగించి జబ్బును దాని దారిన పోనివ్వడం వేరు. అక్కడ ప్రాణం తీసేది జబ్బే గానీ మీరు కాదు. పైగా ఆ నిర్ణయం మీ ఒక్కరి మీద పడదు. ఆస్పత్రి నియమించిన వైద్యుల బోర్డు, ఆపైన జిల్లా వైద్యాధికారి ప్రతినిధి ఉండే రెండో బోర్డు అంగీకరించాలి. ఆస్తి తగాదాలున్న ఇళ్లను తలచుకుంటే ఈ జాగ్రత్త అవసరమేనని నా అభిప్రాయం.

నన్ను కలవరపెట్టేది మరొకటి. డబ్బు చాలక, 'మా ఇష్టప్రకారమే తీసుకువెళుతున్నాం' అని సంతకం పెట్టి, ఎగశ్వాసతో ఉన్న మనిషిని అంబులెన్సులో ఇంటికి చేర్చే కుటుంబాలను చూస్తూనే ఉన్నాం. దాన్ని రోగి కోరికగా లెక్కగట్టడం అన్యాయం.

పత్రం రాసే ముందు నాన్నగారిని ఆయన డాక్టరుతో మాట్లాడించండి. ఊపిరితిత్తుల జబ్బున్నవారికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు కొద్దిరోజుల వెంటిలేటర్‌తో తేరుకునే అవకాశం ఉండవచ్చు. అందుకే 'ఎన్నడూ వద్దు' అనకుండా, కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చినప్పుడు వద్దని రాయించడం మంచిది. ఆయాసం, నొప్పి తగ్గించే మందులు మాత్రం చివరిదాకా ఇవ్వాలని కూడా చేర్చండి. ఒక ప్రతిని డాక్టరుకు ఇవ్వండి. మనసు మారితే నాన్నగారు ఎప్పుడైనా దాన్ని రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.